ఒకే అయాన్ బీమ్, ఒకే సెట్టింగ్: ఒక సిలికాన్ ముక్క మీద నానో చుక్కలు, ఇంకో ముక్క మీద ఏమీ లేవు. ఎందుకు?

కావలి_సిలికాన్

రెండు నెలల నుంచి ఒకే చోట ఆగిపోయాను. పండక్కి ఇంటికొచ్చినా బుర్రంతా ల్యాబ్‌లోనే ఉంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల సైన్స్ వాళ్ళు ఈ ఫోరమ్‌లో చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

నేను చేసే పని ఇది. వాక్యూమ్ చాంబర్‌లో సిలికాన్ ముక్క పెట్టి దాని మీదికి ఆర్గాన్ అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న ఆర్గాన్ పరమాణువులను, పంపిస్తాం. అవి పైపొరలోని పరమాణువులను ఊడగొడతాయి. అలా కొడుతూ పోతే ఉపరితలం తనంతట తానే ఒక నమూనాలోకి సర్దుకుంటుంది. పైన ఎవరూ ఏమీ గీయరు, అచ్చు పెట్టరు. కోణాన్ని బట్టి అలలో చుక్కలో వస్తాయి. నా దగ్గర వచ్చే అలల మధ్య దూరం 30 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఒక తలవెంట్రుక మందంలో ఇలాంటివి రెండు వేలకు పైగా పడతాయి.

ఇప్పుడు గొడవ ఏంటంటే, 1 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తితో, నిటారుగా పైనుంచి కొట్టి అక్టోబర్‌లో చేసిన ముక్కల మీద చక్కటి చుక్కలు వచ్చాయి. గైడ్ గారికి చూపించాను, సంతోషించారు. డిసెంబర్‌లో అవే సెట్టింగులతో చేస్తే ముక్క అద్దంలా ఉంది. ఏఎఫ్ఎం (సన్నటి సూది మొనతో ఉపరితలాన్ని తడిమి చూసే మైక్రోస్కోప్) కింద చూస్తే ఎత్తుపల్లాలు 0.2 నానోమీటర్ కూడా లేవు. ఒక ముక్క మీదైతే అంచుల దగ్గర చుక్కలున్నాయి, మధ్యలో లేవు. 65 డిగ్రీలు వాల్చి కొడితే మాత్రం ప్రతిసారీ అలలు వస్తున్నాయి. డిసెంబర్‌లో నేనేదో తప్పు చేశానని గైడ్ గారు అంటున్నారు. ఫిబ్రవరిలో సెమినార్ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

మైపాడు_ఒడ్డు

నాకు సైన్స్ రాదు కానీ నువ్వు చెప్పే బొమ్మ రోజూ చూసేదే. ఆటు వచ్చినాక మైపాడు ఒడ్డున తడి ఇసక మీద వరసలు వరసలుగా ఉంటాయి చూశావా, అవేనా? మా పాప రోజూ అడుగుతుంది, ఇవి ఎవరు గీశారు నాన్నా అని. ఎండ్రకాయలు గీశాయని చెప్పి తప్పించుకుంటున్నా.

పినాకిని_మాస్టారు

మైపాడు వారి ప్రశ్న మంచి ప్రశ్న. ఒడ్డున నీళ్ళు ముందుకీ వెనక్కీ ఎంత దూరం ఊగుతాయో దాన్ని బట్టి ఆ ఇసుక వరసల మధ్య దూరం వస్తుంది. గాలికి పొడి ఇసుక మీద పడే వరసలు వేరు. అక్కడ ఎగిరి వచ్చి పడే రేణువులే మిగతా రేణువులను తన్ని ముందుకు నెడతాయి. పాపకి ఈసారి ఇది చెప్పండి. అమ్మాయి చెప్పే అలలు వాటికంటే దాదాపు 30 లక్షల రెట్లు చిన్నవి, పుట్టే పద్ధతి కూడా వేరే.

అయాన్ సిలికాన్‌లోకి కొద్ది నానోమీటర్లు దిగి ఆగిపోతుంది. ఆగేలోపు తన శక్తిని చుట్టుపక్కలకు పంచుతుంది. గుంట అడుగున ఉన్న పరమాణువుకి అటూ ఇటూ పడ్డ అయాన్ల శక్తి కూడా దగ్గర నుంచి అందుతుంది. దిబ్బ నెత్తిన ఉన్నదానికి అంత అందదు. అందుకని గుంట ఇంకా తొందరగా తవ్వుకుపోతుంది, దిబ్బ మిగిలిపోతుంది. ఇదొక్కటే జరిగితే ఉపరితలం చిందరవందర అయిపోవాలి. కానీ పరమాణువులు దిబ్బల మీద నుంచి జారి గుంటలను పూడుస్తూ ఉంటాయి. మరీ చిన్న గుంటలను ఈ పూడిక బతకనివ్వదు. మరీ వెడల్పాటివి తవ్వుకోవడానికి చాలా సమయం పడుతుంది. మధ్యలో ఏ సైజు అన్నిటికంటే వేగంగా పెరుగుతుందో అదే మన కంటికి అలల దూరంగా కనిపిస్తుంది.

శక్తి ఎలా పంచుకుంటుందో సిగ్మండ్ 1969లో లెక్క కట్టాడు. దాని మీద బ్రాడ్లీ, హార్పర్ 1988లో ఈ తవ్వకం–పూడిక సిద్ధాంతం నిలబెట్టారు. ఆ లెక్క ప్రకారం నిటారుగా కొట్టినా నమూనా రావాల్సిందే. రాలేదంటే డిసెంబర్‌లో నీ బీమ్ బలహీనపడి ఉంటుంది తల్లీ. కరెంట్ కొలిచావా?

కావలి_సిలికాన్

కొలిచాను మాస్టారూ. రెండుసార్లూ చదరపు సెంటీమీటరుకి 100 మైక్రోఆంపియర్లే. అంటే సెకనుకి 6.2×10¹⁴ అయాన్లు. 27 నిమిషాలకి మొత్తం 10¹⁸ అవుతుంది. నోట్‌బుక్‌లో రెండు రోజుల రీడింగులూ పక్కపక్కనే ఉన్నాయి, తేడా లేదు.

ఒంగోలు_నుంచి_బెంగళూరు

చిప్‌ల కంపెనీలో పన్నెండేళ్ళుగా ఉన్నాను, అందుకే సూటిగా అడుగుతున్నా. తనంతట తానే ఏర్పడే నమూనాని నమ్ముకుని ఏం తయారు చేస్తారు? మా దగ్గర ఒక గీత ఎక్కడ ఉండాలో ముందే రాసి ఉంటుంది, అక్కడే రావాలి. ఇప్పుడు 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతితో అచ్చు వేస్తున్నారు. అలల మీద ఆధారపడితే ఒక రోజు వస్తాయి, ఒక రోజు రావు. నువ్వు చెప్పేదీ అదే కదా.

కావలి_సిలికాన్

అన్నా, ఆ యంత్రం ఒక్కటి కొనాలంటే వెయ్యి కోట్లకు పైనే కావాలి. ప్రపంచం మొత్తానికీ నెదర్లాండ్స్‌లో ఒకే కంపెనీ చేస్తుంది. మా చాంబర్‌లో అరగంటలో చేతి వెడల్పు ముక్క మొత్తం ఒకేసారి అలలతో నిండిపోతుంది. ఫలానా గీత ఫలానా చోటే ఉండాలి అన్నప్పుడు మీ పద్ధతే. అంతటా ఒకే దూరంలో వరసలు ఉంటే చాలు అనే పనులు కూడా బోలెడు ఉన్నాయి.

రొయ్యల_గుంట

ఏ పనులమ్మా? మాలాంటి వాళ్ళకి పనికొచ్చేది ఒకటి చెప్పు.

కావలి_సిలికాన్

బాబాయ్, రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు చూసే టెస్టు తీసుకోండి. అలలు ఉన్న సిలికాన్ మీద వెండిని బాగా ఏటవాలుగా ఆవిరి పట్టిస్తే అది అలకి ఒక పక్కనే పేరుకుంటుంది. వెండి రేణువులు పూసల దండల్లా వరసలో నిలబడతాయి. వాటి మధ్య సందుల్లో లేజర్ కాంతి చాలా బలంగా గుమికూడుతుంది. అక్కడ ఏదైనా మందు అణువు చిక్కుకుంటే దాని రామన్ సిగ్నల్, అంటే ఆ అణువుని తాకి రంగు మారి వచ్చే కాంతి, ఎన్నో రెట్లు పెరిగి కనిపిస్తుంది. సి.వి. రామన్ 1928లో కనిపెట్టిన ఎఫెక్టే ఇది. గరుకు వెండి మీద అది బలంగా వస్తుందని 1974లో ఇంగ్లండ్‌లో చూశారు. ఆ గరుకుతనం ప్రతి ముక్క మీదా ఒకేలా రావాలన్నదే మా ప్రయత్నం.

రొయ్యల_గుంట

అట్లా చెప్పు! పట్టుబడికి ముందు శాంపిల్ ల్యాబ్‌కి పంపి, రిపోర్టు వచ్చేదాకా మాకు నిద్ర ఉండదు. క్లోరాంఫెనికాల్ అనో నైట్రోఫ్యురాన్ అనో తేలితే ఎక్స్‌పోర్టు వాళ్ళు ముట్టుకోరు. గట్టు మీదే చూసుకునే రోజు వస్తే ఎంత బాగుంటుంది.

కావలి_సిలికాన్

ఇప్పటికి అది పరిశోధనే బాబాయ్, మార్కెట్‌లో కొనుక్కునే స్థాయికి రాలేదు. ముక్కకీ ముక్కకీ తేడా వస్తే రైతు ఆ రీడింగ్‌ని ఎలా నమ్ముతాడు? నా తలనొప్పి అంతా అదే.

పొదిలి_పోస్ట్‌డాక్

ఇప్పుడే చూశాను. నాలుగేళ్ళు ఇదే పని చేశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. అమ్మాయ్, డిసెంబర్ ముక్కలో తప్పేమీ లేదు. అక్టోబర్ ముక్కలోనే తప్పు ఉంది.

శుభ్రమైన సిలికాన్ మీద ఆర్గాన్‌ని నిటారుగా కొడితే ఏ నమూనా రాకూడదు. నున్నగా ఉండాలి. దాదాపు 45–50 డిగ్రీలు దాటాకే అలలు మొదలవుతాయి. నీ 65 డిగ్రీల ముక్కలు ప్రతిసారీ సరిగ్గా వస్తున్నాయి అంటే నీ బీమూ బాగుంది, నీ చేతి పనీ బాగుంది.

పినాకిని_మాస్టారు

నేను ఒప్పుకోను. గాలియం యాంటిమొనైడ్ మీద నిటారుగా ఆర్గాన్ కొట్టి, తేనెపట్టులా సర్దుకున్న చుక్కలు చూపించారు కదా జర్మనీ వాళ్ళు, 1999లో. ఫాస్కో బృందం. ఆ బొమ్మలు నేను క్లాసులో పిల్లలకి చూపించేవాడిని.

పొదిలి_పోస్ట్‌డాక్

ఆ ప్రయోగం నిజమే మాస్టారూ, చాలా గొప్పది కూడా. కానీ అందులో రెండు మూలకాలు ఉన్నాయి. అయాన్లు ఒకదాన్ని ఎక్కువగా ఊడగొడితే రెండోది పైన పేరుకుంటుంది, ఆ తేడా నుంచి చుక్కలు పుట్టగలవు. సిలికాన్‌లో ఉండేది ఒక్కటే మూలకం.

1988 సిద్ధాంతంలో ఊడిపోయే పరమాణువుల లెక్కే ఉంది. ఊడిపోకుండా పక్కకి జరిగిన వాటి లెక్క లేదు. ఒక అయాన్ తగిలితే ఒకటో రెండో ఊడతాయి, కానీ చాలా ఎక్కువ పరమాణువులు కొద్దికొద్దిగా పక్కకి జరుగుతాయి. 1996లో కార్టర్, విష్న్యకోవ్ ఈ జరుగుడుని లెక్కలోకి తెచ్చారు. నిటారుకి దగ్గరగా కొడుతున్నంతసేపు ఈ జరుగుడు వాలు వెంట కిందికే ఉంటుంది, గుంటలను పూడుస్తుంది. 45 డిగ్రీలు దాటితే దాని గుర్తు తిరగబడుతుంది, అదే గుంటలను పెంచడం మొదలుపెడుతుంది. తవ్వకం కంటే ఈ జరుగుడే బలమైనదని తర్వాత ప్రయోగాల్లోనూ తేలింది.

రొయ్యల_గుంట

ఇది నాకు అర్థమైందబ్బయ్యా. వాన చినుకు గట్టు వాలు మీద పడితే మట్టి అటూ ఇటూ చిందినా, మొత్తం మీద కిందికే దిగుతుంది. డిసెంబర్ వానలు అయిపోయినాక ప్రతి ఏడూ గట్టు మళ్ళీ ఎత్తు పోయించుకుంటా నేను.

పొదిలి_పోస్ట్‌డాక్

సరిగ్గా అదే బాబాయ్. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

పినాకిని_మాస్టారు

సరే, పక్కకి జరిగే వాటి లెక్క నేను వదిలేశాను. రాత్రి కాగితం మీద వేసి చూశాను. బీమ్ వాలు కోణం θ అనుకుని సైన్–కొసైన్ లబ్ధాన్ని అవకలనం చేస్తే 2θ కొసైన్ వస్తుంది, 45 దగ్గర అది సున్నా. బాగుంది. మరి అక్టోబర్ చుక్కలు ఎక్కడి నుంచి వచ్చాయి? అవి కూడా నిజమే కదా, ఏఎఫ్ఎం అబద్ధం చెప్పదు.

చీమకుర్తి_పాలిష్

నేను చదివింది ఇంటర్. గ్రానైట్ పాలిషింగ్ లైన్ మీద పద్దెనిమిదేళ్ళు. నాకు తోచింది చెప్తా, తప్పైతే వదిలేయండి.

మా లైన్‌లో ముతక అబ్రేసివ్‌తో మొదలుపెట్టి సన్నదానికి వస్తాం, చివర బఫ్. గెలాక్సీ రాయి నల్లటిది కదా, చిన్న గీత పడినా అద్దం మీద గీతలా కనిపిస్తుంది. ఒకే మిషన్, ఒకే అబ్రేసివ్, ఒకే ఆపరేటర్. పొద్దున స్లాబులు బాగుంటాయి, మధ్యాహ్నం స్లాబుల మీద గీతలు. కొత్తవాళ్ళు వెంటనే మిషన్ సెట్టింగ్ మారుస్తారు. నేను మార్చనివ్వను. ముందు స్టేజీలో వాడిన ముతక రేణువు ఒకటి నీళ్ళతో పాటు సన్న స్టేజీలోకి వచ్చి ఉంటుంది. మొత్తం కడిగిస్తే గీతలు పోతాయి.

ఆ అమ్మాయి ముక్కకి అంచుల దగ్గర చుక్కలున్నాయి, మధ్యలో లేవు అంది. అంచుని పట్టుకుని ఉన్నది ఏంటి? నేనైతే ముందు అది చూస్తా.

పొదిలి_పోస్ట్‌డాక్

చీమకుర్తి అన్నా, నేను రాయబోతున్నది మీరు ముందే చెప్పేశారు. అమ్మాయ్, ముక్కని దేంతో పట్టి ఉంచావు? అయాన్ సోర్స్ గ్రిడ్లు, అదే అయాన్లను బయటికి లాగే జాలీలు, మాలిబ్డినమా, గ్రాఫైటా?

కావలి_సిలికాన్

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. గ్రిడ్లు గ్రాఫైట్. అక్టోబర్‌లో ముక్కలు చిన్నవి, రెండు పక్కలా స్టీల్ క్లిప్పులతో నొక్కి పెట్టాను. డిసెంబర్‌లో పెద్ద ముక్కలు, వెనక సిల్వర్ పేస్ట్‌తో అతికించాను. క్లిప్పు వాడలేదు. అంచుల్లో మాత్రం చుక్కలున్న ముక్క మధ్య సైజుది, దానికి రెండు పక్కలా క్లిప్పులు పెట్టాను. నోట్‌బుక్‌లో ఇవేవీ రాయలేదు. శక్తి, కోణం, కరెంట్, టైమ్, ఇవే రాశాను.

పొదిలి_పోస్ట్‌డాక్

దొరికింది. నీ బీమ్ వెడల్పుగా ఉంటుంది, ముక్కతో పాటు క్లిప్పుని కూడా కొడుతుంది. క్లిప్పు నుంచి ఇనుము, క్రోమియం పరమాణువులు లేచి సిలికాన్ మీద పడతాయి. సిలికాన్‌తో కలిసి సిలిసైడ్ అవుతాయి. సిలిసైడ్ ఉన్న చోట ఒక వేగంతో, లేని చోట ఇంకో వేగంతో తవ్వుకుపోతుంది. అక్కడి నుంచి చుక్కలు. 2005లో ఒక అమెరికా బృందం ఇలాగే మాలిబ్డినంతో చూపించింది. కొద్దిగా మాలిబ్డినం పడితే చుక్కలు వచ్చాయి, ఆపేస్తే సిలికాన్ నున్నగా ఉంది. అంతకుముందు వచ్చిన ఎన్నో పేపర్లలోని చుక్కలకి ఇలాంటి లోహాలే కారణమై ఉంటాయని తర్వాత చాలామంది తిరిగి చూసుకోవాల్సి వచ్చింది. నీ ఒక్కదానికే జరిగింది కాదు.

నేను కూడా ఒక ఏడాది పోగొట్టుకున్నాను. మా చాంబర్‌లో ముక్క చుట్టూ ఒక స్టీల్ రింగు ఉండేది. దాన్ని ఎవరూ పరికరంగా లెక్కపెట్టలేదు.

ఒంగోలు_నుంచి_బెంగళూరు

మా క్లీన్‌రూమ్‌లో ఇనుము అంటే హడలు. వేఫర్‌ని (చిప్‌లు చేసే సిలికాన్ పలకని) స్టీల్ పట్టకారుతో ముట్టుకుంటే ఆ రోజు అయిపోయినట్టే. మేం ఇంత జాగ్రత్త పడేది ట్రాన్సిస్టర్ పాడవుతుందని. అదే ఇనుము ఉపరితలం ఆకారాన్నే మార్చేస్తుందని ఇప్పుడే తెలుసుకున్నాను.

కలిచేడు_మైకా

మధ్యలో వస్తున్నా. ఏఎఫ్ఎం అన్నారు కదా, దానికీ మా ఊరికీ చుట్టరికం ఉంది. మా అమ్మమ్మ కలిచేడు దగ్గర షెడ్డులో మైకా రేకులు కత్తితో చీల్చే పని చేసేది. మా నెల్లూరు మైకా పచ్చ ఛాయలో ఉంటుంది. కిందటేడు మా అబ్బాయి కాలేజీ ల్యాబ్ చూడ్డానికి వెళ్తే అక్కడ నాణెం అంత మైకా బిళ్ళ మీద టేపు అంటించి పొర లాగేశారు. నున్నటి ఉపరితలం కావాలంటే ఇంతకంటే మంచిది లేదు, పరమాణువుల స్థాయిలో చదునుగా ఉంటుంది అన్నారు. ఒక్కో పొర మందం 1 నానోమీటరే అట. అమ్మమ్మ బతికి ఉంటే చెప్పేవాడిని. వేలితో తడిమి మందం చెప్పేసేది ఆవిడ.

పొదిలి_పోస్ట్‌డాక్

నిజం. ఏఎఫ్ఎం వాడే ప్రతి ల్యాబ్‌లో మైకా ఉంటుంది. అదే మైకా మీద అయాన్లను బాగా వాల్చి కొట్టి అలలు కూడా తెప్పించారు.

మైపాడు_ఒడ్డు

పాపకి చెప్పాను, నీళ్ళు ఎంత దూరం ఊగితే వరసలు అంత దూరం అని. ఇప్పుడు స్కేలు పట్టుకుని ఒడ్డుకి వస్తానంటోంది.

పినాకిని_మాస్టారు

తప్పకుండా తీసుకెళ్ళండి. రెండు వరసలు కలిసిపోయి ఒకటయ్యే చోట్లు కూడా లెక్కపెట్టమనండి. కొమ్మ చీలినట్టు ఉంటాయి.

డిగ్రీ_ఫైనలియర్

మా కాలేజీలో వాక్యూమ్ చాంబర్ లేదు, ఏఎఫ్ఎం లేదు. మేం ప్రాజెక్టు చేయాలంటే ఇలాంటిది ఏదైనా ఉందా? కందుకూరు దగ్గర మాది. ముగ్గురం ఉన్నాం.

పినాకిని_మాస్టారు

అల్యూమినియం ఆనోడైజింగ్ చేయండి నాయనా. చల్లటి ఆక్సాలిక్ ఆమ్లంలో స్వచ్ఛమైన అల్యూమినియం రేకుని ఆనోడ్‌గా పెట్టి 40 వోల్ట్‌లు ఇస్తే, పైన పెరిగే ఆక్సైడ్‌లో నిలువు రంధ్రాలు వాటంతట అవే తేనెపట్టులా సర్దుకుంటాయి. రంధ్రాల మధ్య దూరాన్ని వోల్టేజే నిర్ణయిస్తుంది, వోల్ట్‌కి దాదాపు 2.5 నానోమీటర్లు. 40 వోల్ట్‌లకి 100. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 25 వోల్ట్‌లు పెడితే 65 దగ్గర వస్తుంది. నాబ్ తిప్పితే దూరం మారుతుంది, కంట్రోల్ అనేదాన్ని ఇంత తేలిగ్గా చూపించే ప్రయోగం నాకు ఇంకోటి తెలీదు.

1996లో జపాన్‌లో మసుదా, సాటో దీన్ని రెండు దఫాలుగా చేసి వరసని ఇంకా బాగుచేశారు. మొదటిసారి పెరిగిన ఆక్సైడ్‌ని కరిగించేస్తే అల్యూమినియం మీద చిన్న చిన్న గుంటల అచ్చు మిగులుతుంది. రెండోసారి రంధ్రాలు ఆ గుంటల్లోనే మొదలవుతాయి.

పొదిలి_పోస్ట్‌డాక్

ఒక జాగ్రత్త. ఆ ఆక్సైడ్‌ని కరిగించడానికి మామూలుగా క్రోమిక్ ఆమ్లం వాడతారు, అది క్యాన్సర్ కారకం. మీరు మొదటి దఫాతో ఆపండి. ఆక్సాలిక్ ఆమ్లం కూడా విషమే. గ్లవ్స్, కళ్ళద్దాలు, పక్కన మీ సార్, మూడూ ఉండాలి. ఇంకోటి, వంటింట్లో వాడే ఫాయిల్ తెచ్చి మొదలుపెట్టకండి. అందులో ఇనుము కలిసి ఉంటుంది, రంధ్రాలు వంకరటింకర అవుతాయి.

డిగ్రీ_ఫైనలియర్

ఇక్కడ కూడా ఇనుమేనా! సరే అన్నా. బొమ్మలు తీయడానికి మైక్రోస్కోప్ ఎక్కడ దొరుకుతుంది?

పొదిలి_పోస్ట్‌డాక్

యూనివర్సిటీల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ గంటకి ఇంత అని ఫీజు కట్టి వాడుకోనిస్తారు. మీ సార్ లెటర్ తీసుకెళ్ళండి. రేపు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీకి వెళ్తే ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఉంది. యూనివర్సిటీల వాళ్ళు ప్రపోజల్ రాసి అయాన్ బీమ్ టైమ్ అడగొచ్చు. నేను ఒంగోల్లో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళేవాడిని, సిలికాన్ ముక్కలు టిఫిన్ డబ్బాలో దూది మధ్య పెట్టుకుని.

చీమకుర్తి_పాలిష్

టిఫిన్ డబ్బా స్టీల్‌దా?

పొదిలి_పోస్ట్‌డాక్

ప్లాస్టిక్‌ది అన్నా, ప్రమాణం!

ఒంగోలు_నుంచి_బెంగళూరు

నా మొదటి ప్రశ్నకి మళ్ళీ వస్తాను. చుక్కల సంగతి తేలింది. 65 డిగ్రీల అలలు ప్రతిసారీ వస్తున్నాయి, ఒప్పుకుంటాను. కానీ కావలి చెల్లి పంపిన ఫోటోలో అలలు తిన్నగా లేవు. వేలిముద్రల్లా కొమ్మలు చీలుతున్నాయి. ఇలాంటి వరస మీద రీడింగ్ నిలకడగా ఉంటుందా?

పొదిలి_పోస్ట్‌డాక్

ఉండదు, అసలు కష్టం అక్కడే ఉంది. అలల దూరాన్ని మార్చడం తేలిక. అయాన్ శక్తి పెంచితే సాధారణంగా దూరం పెరుగుతుంది. దిశ కోణంతో మారుతుంది. మధ్యస్థ కోణాల్లో అలల గీతలు బీమ్‌కి అడ్డంగా పడతాయి. ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేంత వాల్చితే బీమ్ వెంట పడతాయి. కానీ వరస తప్పకుండా పొడుగ్గా సాగడం వేరే సంగతి. ముక్క మీద ఒక్కో చోట అలలు ఒక్కోలా మొదలవుతాయి. అవి పెరిగి ఎదురెదురు పడ్డప్పుడు కలవకపోతే అక్కడ చీలిక మిగిలిపోతుంది.

దానికి దారులు ఉన్నాయి. బీమ్ విచ్చుకోకుండా చూడాలి. ఎక్కువసేపు కొట్టాలి, కొన్ని చీలికలు వాటంతట అవే పోతాయి. లేదా కాంతితో అచ్చు వేసే నీ లితోగ్రఫీతోనే ముందు దూరం దూరంగా నాలుగు గట్లు వేసి, మధ్యలో అలలను పెరగనివ్వాలి. గట్టు పక్కన మొదలైన అల గట్టుకి సమాంతరంగానే ఉంటుంది.

సిలికాన్ లాంటిదే అయిన జెర్మేనియం మీద పనిచేసేవాళ్ళు ఇంకో దారి పట్టారు. ముక్కని 250 డిగ్రీల సెల్సియస్ పైకి వేడి చేసి కొడితే అయాన్లు చేసిన గాయం వెంటనే మానిపోతుంది, స్ఫటికం స్ఫటికంగానే ఉంటుంది. అప్పుడు నమూనా స్ఫటికం దిక్కులనే పట్టుకుని చదరంగం గడుల్లా వస్తుంది. గది వేడిలో అయితే పైపొర చెదిరిపోయి దిక్కు లేనిది అవుతుంది.

ఒంగోలు_నుంచి_బెంగళూరు

గట్లు వేసి మధ్యలో పెరగనివ్వడం నాకు నచ్చింది. ముతక గీతలు మేం వేస్తాం, సన్న గీతలు అవే వేసుకుంటాయి. అలా అయితే పాత తరం మిషన్ కూడా సరిపోతుంది. ఇది మా ఆఫీసులో అడుగుతా.

రొయ్యల_గుంట

అమ్మాయి ఏమైంది? నాలుగు రోజులుగా పలకలేదు.

కావలి_సిలికాన్

ల్యాబ్‌కి వచ్చేశాను బాబాయ్. చాంబర్ తెరిచి శుభ్రం చేసి మళ్ళీ వాక్యూమ్ పట్టడానికే రెండు రోజులు పట్టింది. ఇంకో వారం ఆగండి.

కావలి_సిలికాన్

ఫలితం చెప్తున్నా.

నాలుగు ముక్కలు చేశాను, నాలుగూ నిటారుగా, అదే శక్తి, అదే 27 నిమిషాలు. మొదటిది క్లిప్పు లేకుండా. నున్నగా ఉంది. రెండోది, సిలికాన్‌నే సన్నగా కోసి క్లిప్పులా పైన పెట్టి. అది కూడా నున్నగానే ఉంది. మూడోది ఒక పక్క స్టీల్ క్లిప్పుతో. క్లిప్పు దగ్గర దట్టంగా చుక్కలు, దూరం పోయేకొద్దీ పలచబడి, అవతలి అంచుకి ఏమీ లేవు. నాలుగోదానికి క్లిప్పుని అవతలి పక్కకి మార్చాను. చుక్కలు కూడా అవతలికి వెళ్ళాయి. ఎక్స్‌పీఎస్‌లో (ఎక్స్‌రేలతో పైపొరలో ఏ మూలకాలున్నాయో చెప్పే పరీక్ష) చూస్తే చుక్కలున్న చోట ఇనుము కనిపించింది, నున్నటి చోట కనిపించలేదు.

గైడ్ గారి టేబుల్ మీద నాలుగు ముక్కలూ వరసగా పెట్టాను. చాలాసేపు చూశారు. తర్వాత ఆయనే అక్టోబర్ డేటా మొత్తం పక్కన పెట్టమన్నారు. సెమినార్‌లో ఈ నాలుగు ముక్కల కథే చెప్పమన్నారు.

చీమకుర్తి అన్నా, మీరు అంచుని పట్టుకుని ఉన్నది ఏంటి అని అడగకపోతే నేను ఇంకా కరెంటే కొలుస్తూ ఉండేదాన్ని. థీసిస్‌లో మీ పేరు రాయాలి, మెసేజ్‌లో పంపండి.

చీమకుర్తి_పాలిష్

నా పేరు ఎందుకమ్మా. ఆ మూడో ముక్క ఫోటో పంపు చాలు, మా కొత్త ఆపరేటర్లకి చూపిస్తా. సెట్టింగ్ మార్చే ముందు కడగండి అంటే ఒక్కడూ వినడం లేదు.

పినాకిని_మాస్టారు

క్లిప్పుని పక్క మార్చి చూసిన నాలుగో ముక్క నాకు అన్నిటికంటే నచ్చింది తల్లీ. మూడింటితో ఆపి ఉంటే, ఆ అంచున బీమ్ ఎక్కువగా పడిందేమో అని నేనే అడిగేవాడిని.

పొదిలి_పోస్ట్‌డాక్

ఇప్పుడు అదే ఇనుముని కావాలని వాడు. ముక్క పక్కన కొలిచిన సైజు స్టీల్ పలకని ఒక కోణంలో నిలబెట్టి, ఎంత ఇనుము పడాలో నువ్వే నిర్ణయించు. పరమాణువుల్లో నూటికి ఒకటీ రెండూ పాళ్ళు మారితే చుక్కలు ఎప్పుడు మొదలవుతాయో గీత గీయొచ్చు. రెండో పేపర్ అదే.

కావలి_సిలికాన్

రాత్రి గైడ్ గారు కూడా అదే అన్నారు అన్నా. పలకకి వర్క్‌షాప్‌లో ఆర్డర్ ఇచ్చాను. ఈసారి నోట్‌బుక్‌లో కొత్త కాలమ్ గీశాను, ముక్క చుట్టూ బీమ్‌కి కనిపించే ప్రతి వస్తువూ, అది ఏ లోహం, ఎంత దూరం అని. మొదటి పేజీ రాస్తుంటేనే చాంబర్ లోపల నాకు తెలియని స్క్రూలు రెండు బయటపడ్డాయి.

మైపాడు_ఒడ్డు

పాప కొలిచింది. ఒడ్డు దగ్గర వరసల మధ్య నాలుగు వేళ్ళు, కొంచెం లోపల జానెడు. చీలికలు పదకొండు లెక్కపెట్టింది. పన్నెండోదాని మీద ఎండ్రకాయ కూర్చుని ఉందట, అందుకని వదిలేసింది.